కొలిమి దగ్గర తేలే బలం



మాస్టారి పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసానికి నన్ను పిలిచినవారు విషయం నా ఇష్టానికే వదిలారు. ఆయన జీవితమంతా పాఠం చెప్పింది పదార్థాల బలం గురించి. లాబ్‌లో యంత్రం మీద నమూనా విరగగానే మేమందరం డయల్ మీది అంకె కోసం ఎగబడేవాళ్లం. ఆయన మాత్రం కిందపడ్డ రెండు ముక్కలూ ఏరుకొని, విరిగిన ముఖాలను భూతద్దం కింద పెట్టేవారు. "ఎంత దగ్గర విరిగిందో యంత్రం చెప్పిందిరా. ఎక్కణ్నుంచి విరిగిందో నువ్వు చెప్పు" అనేవారు. లోహాల దగ్గర ఈ ప్రశ్న అడక్కుండా కూడా చాలా దూరం నెట్టుకురావచ్చు. సిరామిక్స్ దగ్గర అడుగు కదలదు. అందుకే ఇవాళ ఇంజనీరింగ్ సిరామిక్స్ గురించి మాట్లాడదామనుకున్నాను.

సిరామిక్ అంటే పింగాణి కప్పు, బాత్‌రూమ్ టైల్ గుర్తుకు రావడం సహజం. నేను చెప్పబోయేవి అల్యూమినా, జిర్కోనియా, సిలికాన్ కార్బైడ్, సిలికాన్ నైట్రైడ్, బోరాన్ కార్బైడ్ లాంటివి. శుద్ధి చేసిన సన్నటి పొడిని అచ్చులో నొక్కి, కుమ్మరి ఆవం ఎన్నడూ చూడని వేడిలో, పదిహేను వందల డిగ్రీలకు అటూ ఇటూ, కొన్నిటికి రెండు వేల డిగ్రీల దాకా కాలుస్తారు. పొడి కరగదు. రేణువులు ఒకదానికొకటి అంటుకొని, మధ్య ఖాళీలు మూసుకుపోయి, ముక్క కుదించుకుపోయి గట్టిపడుతుంది. సింటరింగ్ అంటే ఇదే.

ఇవి మనకు తెలియకుండానే మన చుట్టూ ఉన్నాయి. బండి స్పార్క్ ప్లగ్‌లో తెల్లగా కనిపించేది అల్యూమినా. పావు తిప్పుకే నీళ్లు ఆగే కొత్తరకం కుళాయిల్లో ఒకదాని మీద ఒకటి జారేవి రెండు అల్యూమినా బిళ్లలు. సెల్‌ఫోన్‌లో బేరియం టైటనేట్ పొరలతో చేసిన కెపాసిటర్లు వందల కొద్దీ ఉంటాయి. జవాను ఛాతీకవచంలో తూటాను పొడిచేసే పలక తరచుగా బోరాన్ కార్బైడ్‌దే. వేగంగా తిరిగే స్పిండిళ్ల బేరింగుల్లో సిలికాన్ నైట్రైడ్ బంతులు వాడతారు. వాటి బరువు అదే సైజు ఉక్కు బంతిలో సగం కూడా ఉండదు.

వేడికి తట్టుకుంటాయి, అరగవు, తుప్పు పట్టవు, చాలావరకు కరెంటు పారనీయవు. ఇన్ని సుగుణాలున్న పదార్థాలతో ప్రపంచంలోని ఇంజన్లన్నీ ఎందుకు తయారు కాలేదు? పెళుసు కాబట్టి. ఆ పెళుసుదనం ఎక్కడ పుడుతుందో కాస్త నిదానంగా చూద్దాం.

1920లో ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో ఏ. ఏ. గ్రిఫిత్ అనే యువ ఇంజనీరు గాజు పోగుల్ని లాగి తెంపుతూ కూర్చున్నాడు. పరమాణు బంధాల లెక్క ప్రకారం గాజుకు ఉండాల్సిన బలంలో నూరో వంతు కూడా మామూలు గాజులో కనిపించదు. పోగు సన్నబడేకొద్దీ బలం పెరుగుతూ పోయింది. గాజు ఒంటి నిండా కంటికి కనిపించని పగుళ్లున్నాయనీ, సన్నటి పోగులో పెద్ద పగులు దాగేందుకు చోటు లేదనీ ఆయన తేల్చాడు. బట్టల కొట్లో గుడ్డ కొలిచి, అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, ఒక్క గుంజుతో చర్రున చించేస్తారు చూడండి, గాజులోనూ జరిగేది అదే. లాగుడంతా ఆ గాటు కొసన పోగుపడుతుంది. లోహంలో అయితే ఆ కొస దగ్గరి పదార్థం కాస్త సాగి, జారి, పగులు మొనను మొద్దుబారుస్తుంది. సిరామిక్‌లో బంధాలు బిర్రుగా ఉంటాయి, పరమాణు వరసలు జారవు. పగులు మొన వాడిగానే ఉండి ముందుకు దూసుకుపోతుంది.

దీన్ని అంకెల్లో చెబితే విద్యార్థులకు ఇంకా బాగా తెలుస్తుంది. పగులును అడ్డుకునే శక్తి, దాన్నే ఫ్రాక్చర్ టఫ్‌నెస్ అంటాం, అల్యూమినాకు సుమారు 4. మంచి నిర్మాణపు ఉక్కుకు 100 అనుకుందాం. రెండిటి మీదా 300 మెగాపాస్కల్ లాగుడు ఒత్తిడి పెట్టండి. ఉక్కులో పగులు మూడున్నర సెంటీమీటర్లకు చేరితే గాని ప్రమాదం రాదు. ఆ పాటికి ఇన్‌స్పెక్టరు కంట అది పడుతుంది. అల్యూమినాలో 57 మైక్రాన్లు చాలు. అది తలవెంట్రుక మందం. పొడిలో చిక్కుకున్న ఒక నలక, ఎండేటప్పుడు మిగిలిన ఒక గాలిబుడగ, గ్రైండింగ్ చక్రం గీసిన ఒక గీత అంత పగులును ఇచ్చేస్తాయి.

స్వీడన్ ఇంజనీరు వాలోడి వైబుల్ 1939లో దీనికి గణితం కూర్చాడు. ఒకే బ్యాచ్‌లో చేసిన కడ్డీలు ఒకే బలం చూపవు, ఎందుకంటే ఏ కడ్డీలో ఎంత పెద్ద లోపం పడిందన్నది సంభావ్యత విషయం. ఆయన లెక్క నుంచి వచ్చే ఒక ఫలితం డిజైనర్లను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. బలాలు ఎంత దగ్గరదగ్గరగా వస్తాయో చెప్పే అంకె, వైబుల్ మాడ్యులస్, 10 ఉన్న సిరామిక్‌తో చిన్న నమూనా చేసి పరీక్షించి, అదే పదార్థంతో వెయ్యి రెట్ల ఘనపరిమాణం ఉన్న భాగం చేస్తే, ఆ భాగం సగటు బలం నమూనా బలంలో సగానికి పడిపోతుంది. పదార్థం అదే, పొడి అదే. పెద్ద ముక్కలో పెద్ద లోపం దొరికే అవకాశం పెరిగింది, అంతే. కేటలాగు చూసి సిరామిక్ బలం ఇంత అని రాసుకునే ఇంజనీరును నేను నమ్మను. ఎంత సైజు నమూనా, ఎవరు కాల్చారు, ఉపరితలం ఎలా సాన పట్టారు అని అడిగినవాణ్ని నమ్ముతాను.

సిరామిక్ బలం కొలిమి దగ్గర తేలుతుందని నేననేది ఇందుకే. ఈ సంగతి తెలుగు నేల మీద చాలా కాలం క్రితమే తెలిసినవాళ్లున్నారు.

నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో తయారైన ఉక్కును కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ ఉక్కు గురించి, దానితో చేసిన కత్తుల గురించి చాలా రాశారు. నా దృష్టి కత్తి మీద లేదు, మూస మీద ఉంది. రెండు రకాల ఇనుమును కలిపి మూసలో పెట్టి, మూత మెత్తి, తిత్తులు ఊది, ఇరవై నాలుగు గంటల పాటు తెల్లటి వేడిలో ఉంచాలి. లోపల ఉక్కు కరుగుతుంటే దాన్ని పట్టుకున్న మట్టి కరగకూడదు, పగలకూడదు, గాలి పీల్చకూడదు. సర్వే విభాగంలో వైద్యుడిగా, భూగర్భశాస్త్రజ్ఞుడిగా పనిచేసిన హెన్రీ వాయ్సీ 1820 ప్రాంతంలో ఈ పని కళ్లారా చూసి రాసిపెట్టాడు. గ్రానైటు శిథిలమై ఏర్పడ్డ మట్టిలో పాత మూసల, కొలుముల పెంకులు దంచి కలిపేవారు. వరి ఊక, నూనె చేర్చి పిసికేవారు.

ఒక్కొక్కటీ విడదీసి చూడండి. పాత మూస పెంకు ఒకసారి కాలింది కాబట్టి మళ్లీ కుదించుకుపోదు. కొత్త మట్టి ఎండి ముడుచుకునేటప్పుడు దాన్ని పట్టి ఉంచి బీటలు రాకుండా చూస్తుంది. ఇవాళ్టి రిఫ్రాక్టరీ కార్ఖానాలు చేసేదీ ఇదే. ఊక ఇంకా గొప్ప పని చేస్తుంది. మూత పడ్డ కొలిమిలో గాలి చాలక ఊక బూడిద కాకుండా బొగ్గవుతుంది. అందులోని సిలికా, ఆ బొగ్గు కలిసి మట్టి గోడలో ఒక అస్థిపంజరంగా మిగులుతాయి. అమెరికా పరిశోధకురాలు థెల్మా లో 1980ల చివర దక్కను మూసల ముక్కల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసినప్పుడు, గాజులాంటి పదార్థంలో అల్లుకున్న ముల్లైట్ స్ఫటికాలు, ఊక మిగిల్చిన బొగ్గు కనిపించాయి. ఇప్పటి మాటల్లో అది ఒక కాంపోజిట్. ఇక్కడో విశేషం చెప్పాలి. 1970ల్లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఐవన్ కట్లర్ బృందం వరి ఊకనే గాలి తగలకుండా బాగా వేడి చేసి సిలికాన్ కార్బైడ్ తయారు చేసింది. ఊకలో సిలికా, కార్బన్ రెండూ అతి సన్నగా కలిసి ఉండటమే దానికి కలిసొచ్చింది. మన మిల్లుల వెనక కొండలుగా పడి ఉండే ఊక అది.

కోనసముద్రంలో మూసలు చేసినవాళ్ల పేర్లు మనకు ఒక్కటీ మిగల్లేదు. చూసి రాసినవాడి పేరు మిగిలింది. ఆ పేర్లు పోవడం నన్ను బాధిస్తుంది, దాని గురించి చివర్లో ఒక మాట అంటాను.

ఇప్పుడు ఆధునిక కాలానికి వద్దాం. 1975లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు గార్వీ, హానింక్, పాస్కో కలిసి 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. సిరామిక్ ఉక్కు సాధ్యమా అన్నది దాని శీర్షిక. వాళ్లు పట్టుకున్న పదార్థం జిర్కోనియా. చల్లారేటప్పుడు జిర్కోనియా స్ఫటిక నిర్మాణం మారి, రేణువు నాలుగు శాతం దాకా ఉబ్బుతుంది. అందువల్ల శుద్ధ జిర్కోనియా ముక్క చల్లారేసరికి తనంతట తానే పగిలిపోతుంది. కొంచెం యిట్రియా లాంటిది కలిపి, రేణువుల్ని సన్నగా ఉంచితే ఆ మార్పు జరగకుండా ఆగిపోతుంది. బిగపట్టుకొని ఉంటుంది. ఎప్పుడైతే ఒక పగులు దగ్గరికొస్తుందో, దాని మొన దగ్గరి లాగుడుకు ఆ రేణువులు మారి ఉబ్బి, పగులును నొక్కి మూసేస్తాయి. ముక్కను నాశనం చేసే గుణాన్నే దానికి కాపలా పెట్టారు. పదార్థ విజ్ఞానంలో ఇంత అందమైన ఆలోచన మరొకటి నాకు తెలియదు.

ఈ జిర్కోనియాతో తుంటి కీలు బంతులు చేశారు. లక్షల మందికి వేశారు. మొదట్లో ఫలితాలు బాగున్నాయి. జపానులో కొబయాషి 1981లోనే ఒక హెచ్చరిక చేశాడు: తేమలో, పెద్దగా వేడి లేకుండానే, ఈ పదార్థం ఉపరితలం మెల్లమెల్లగా మారిపోతుందని. శరీరంలో తేమకు కొదవ లేదు. అయినా రేణువులు సన్నగా ఉండి, సాంద్రత పూర్తిగా వస్తే ఆ మార్పు చాలా నెమ్మదిగా సాగుతుందని ధైర్యపడ్డారు. ఆ ధైర్యం తప్పేమీ కాదు, షరతు నిలబడినంతకాలం.

1998లో ఫ్రాన్సులోని ఒక తయారీదారు కొలిమి మార్చాడు. అంతకుముందు బంతుల్ని ఒక్కో విడతగా కొలిమిలో పెట్టి కాల్చేవారు. కొత్తది సొరంగం కొలిమి, ఒక వైపు పెడితే మెల్లగా సాగి రెండో వైపు బయటికొస్తాయి. పొడి మారలేదు, అచ్చు మారలేదు, డ్రాయింగు మారలేదు. కొన్ని బ్యాచ్‌లలో బంతి నడిమధ్య పూర్తిగా గట్టిపడలేదు. కాల్చిన తరువాత లోహపు కాడ దిగేందుకు బంతికి మధ్యలో బెజ్జం చేస్తారు, అంటే ఆ బలహీనమైన భాగమే బయటపడింది. తేమ అక్కడ చేరింది, మార్పు వేగమైంది. కొద్ది కాలంలోనే దాదాపు 400 బంతులు మనుషుల ఒంట్లో పగిలాయి. 2001లో తయారీదారు వాటిని వెనక్కి పిలవాల్సి వచ్చింది. పగిలిన సిరామిక్ ముక్కల్ని కీలులోంచి ఏరి తీయడం ఎంత కష్టమో ఎముకల వైద్యులకు తెలుసు. పడకేసిన మనిషి రెండోసారి ఆపరేషను బల్ల ఎక్కాడు, కొలిమిలో వేడి సాగే తీరు మారినందుకు.

దీన్నుంచి పరిశ్రమ నేర్చుకుంది. ఇవాళ ఎక్కువగా వాడే తుంటి బంతి గులాబీ రంగులో ఉంటుంది. అందులో అధికభాగం అల్యూమినా, లోపల జిర్కోనియా రేణువులు. ఆ రంగు కొద్దిగా కలిపిన క్రోమియం ఆక్సైడ్‌ది. పేరున్న తయారీదారులు ప్రతి బంతినీ, నమూనాగా ఒకటీ అరా కాదు, ప్రతి ఒక్కదాన్నీ శరీరంలో వచ్చేదాని కన్నా ఎక్కువ భారంతో పరీక్షించి పంపుతారు. పగిలేది ఫ్యాక్టరీలోనే పగలాలని.

విమాన ఇంజన్లలో సిరామిక్స్ సంగతి ఒక్కదానికే ఒక ఉపన్యాసం పడుతుంది. కొద్దిగా చెబుతాను. టర్బైన్ బ్లేడు నికెల్ మిశ్రలోహం. దాని మీద ప్రవహించే వాయువు వేడి ఆ లోహం కరిగే వేడిని దాటి ఉంటుంది. బ్లేడు లోపల గాలి కాలువలతో పాటు, పైన పావు మిల్లీమీటరు మందాన పూసిన జిర్కోనియా పూత దాన్ని కాపాడుతోంది. ఎలక్ట్రాన్ పుంజంతో ఆవిరి చేసి వేసే పూతలో జిర్కోనియా నిలువు స్తంభాల్లా పెరుగుతుంది, స్తంభాల మధ్య సన్నటి సందులు మిగులుతాయి. కింది లోహం వ్యాకోచించినప్పుడు పూత ఊడిపోకుండా ఆ సందులు విచ్చుకుంటాయి. అంటే పగుళ్లను ముందే, మనకు కావలసిన చోట పెట్టుకున్నాం. 2016లో విమానాలకెక్కిన లీప్ ఇంజన్లలో టర్బైన్ చుట్టూ ఉండే ష్రౌడ్ ముక్కలు సిలికాన్ కార్బైడ్ పోగులు సిలికాన్ కార్బైడ్‌లోనే ఇమిడిన కాంపోజిట్. లోహం బరువులో మూడో వంతు. పోగు మీద బోరాన్ నైట్రైడ్ పలుచటి పూత ఉంటుంది. పగులు పోగు దాకా వచ్చి, ఆ మెత్తటి పొర వెంట పక్కకు తిరిగిపోతుంది. పోగు తెగదు. మన దేశంలో ఎగిరే ఎయిర్‌బస్ ఏ320 నియో విమానాల్లో చాలావాటికి ఈ ఇంజన్లున్నాయి.

పగులును మన్నించి పని చేయించుకోవడంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ హైదరాబాద్‌లోనే తయారవుతోంది. 1971లో మొదలైన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో మన అణు రియాక్టర్లకు యురేనియం డయాక్సైడ్ బిళ్లలు చేస్తారు. జాదుగూడ నుంచి, మన కడప జిల్లా తుమ్మలపల్లె నుంచి వచ్చిన ముడిసరుకును శుద్ధి చేసి, సన్నటి పొడిగా మార్చి, నొక్కి, హైడ్రోజన్ వాతావరణంలో 1,700 డిగ్రీల దగ్గర కాలుస్తారు. లోహ యురేనియం వేడికి రూపం మార్చుకుంటుంది, ఉబ్బుతుంది, నీటితో చర్య జరుపుతుంది. ఆక్సైడ్ సిరామిక్‌కు ఆ బెడదలు లేవు, 2,800 డిగ్రీలు దాటితే గాని కరగదు. 220 మెగావాట్ల రియాక్టర్లకు వేసే బిళ్ల వ్యాసం 14 మిల్లీమీటర్ల పైచిలుకు. ఒక బిళ్ల చేతిలోకి తీసుకుంటే ఆ సైజుకు అంత బరువేమిటని ఆశ్చర్యం వేస్తుంది. చివరి ముఖం చదునుగా ఉండదు, మధ్యలో లోతు తక్కువ పళ్లెంలా దిగి ఉంటుంది. ఎందుకంటే బిళ్ల నడుమ వేడి వెయ్యి డిగ్రీలు దాటితే, ఏడు మిల్లీమీటర్ల దూరంలోని అంచు నాలుగైదు వందల దగ్గరే ఉంటుంది. నడుమ ఎక్కువ వ్యాకోచిస్తుంది, ఆ పొంగుకు చోటివ్వాలి. అంత తేడాకు ఈ సిరామిక్ నిలవదు. రియాక్టరు మొదటిసారి పవర్ ఎక్కగానే బిళ్ల అంచు నుంచి నడుమ వైపు బీటలు పడుతుంది. పడనివ్వండి. చుట్టూ ఉన్న జిర్కలాయ్ గొట్టం ముక్కల్ని పట్టి ఉంచుతుంది, వేడి బయటికొస్తుంది, కరెంటు పుడుతుంది. మన ఇళ్లలోని దీపాల్లో కొన్ని పగిలిన సిరామిక్ బిళ్లల పుణ్యాన వెలుగుతున్నాయి.

అయితే బిళ్ల పగలడం సరే, గొట్టం పగలకూడదు. అందుకని బిళ్ల అంచున పెచ్చు ఊడిందా, సాంద్రత కుదిరిందా, వ్యాసం కొలతకు వచ్చిందా అని చూసే పని ఉంది. ఎన్ని యంత్రాలు వచ్చినా ఆ చూపును యంత్రానికి నేర్పింది మనుషులే. ఈ దేశపు సిరామిక్స్ చరిత్ర రాస్తే మొదటి పేజీల్లో రావలసినవాళ్లు వాళ్లు.

ఇక నేను అడగదలచింది అడుగుతాను. మన రెండు రాష్ట్రాల్లో సిరామిక్స్‌కు ఉండాల్సినవన్నీ ఉన్నాయి. బాలాపూర్‌లో పరిశోధనా కేంద్రం ఏఆర్‌సీఐ, కంచన్‌బాగ్‌లో రక్షణ శాఖ లోహ ప్రయోగశాల డీఎంఆర్‌ఎల్, ఇందాక చెప్పిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ హైదరాబాద్ చుట్టూనే ఉన్నాయి. గూడూరులో సిరామిక్ టెక్నాలజీ డిప్లొమా చదువుకొని పిల్లలు బయటికి వస్తున్నారు. కానీ మెకానికల్ ఇంజనీరింగ్ నాలుగేళ్లు చదివిన విద్యార్థి ఒక్క సిరామిక్ కడ్డీని కూడా విరిచి చూడకుండా పట్టా తీసుకుంటున్నాడు. ప్రిన్సిపాళ్లకు నా విన్నపం: మీ కాలేజీలో ఒక చిన్న కొలిమి, ఒక వంపు పరీక్ష యంత్రం, ఒక మంచి సూక్ష్మదర్శిని పెట్టించండి. పిల్లల చేతే పొడి నొక్కించి, కాల్పించి, ముప్ఫై కడ్డీలు విరిపించండి. ముప్ఫై అంకెలు ముప్ఫై రకాలుగా వస్తాయి. ఆ తేడా ఎక్కణ్నుంచి వచ్చిందో ముక్కల్లో వెతికించండి.

కార్ఖానాల యజమానులకు, ప్రయోగశాలల అధిపతులకు ఇంకొక మాట. కొలిమి దగ్గర నిలబడేవాడు ఏదైనా మార్చితే, ఎంత చిన్నదైనా, రిజిస్టరులో రాయించండి. రాసినవాడి పేరు, సంతకం ఉండాలి. ఆ మార్పు మీద పరీక్ష జరిగేదాకా ఆ బ్యాచ్ గేటు దాటకూడదు. పరిశోధనాపత్రం అచ్చయినప్పుడు, పేటెంటు వచ్చినప్పుడు ఆ టెక్నీషియన్ పేరు కృతజ్ఞతల వరసలో కాకుండా రచయితల వరసలో వేయండి.